చీటీ చదివిన చిన్నక్క

కిటికీలో గ్లాసు

కనిగిరికి దగ్గరలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒకామెను అందరూ చిన్నక్క అని పిలుస్తారు. వయసు ముప్పై నాలుగు. ఇద్దరు పిల్లలు. పిల్లల ఆపరేషన్ అయింది. వానాకాలంలో కందిచేలో కలుపు తీస్తుంది. పొగాకు కాలంలో బ్యారన్ దగ్గర పనికి పోతుంది.

చిన్నక్క ఇంట్లో నీళ్ళ కుండ పక్కన నాలుగు స్టీలు గ్లాసులు ఉంటాయి. కిటికీలో ఇంకో గ్లాసు విడిగా ఉంటుంది. దానికి అంచు దగ్గర సొట్ట ఉంది. అది చిన్నక్క గ్లాసు. దాన్ని ఇంకెవరూ ముట్టరు.

ఎందుకు?

నాలుగేళ్ళ కింద చిన్నక్క మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. మచ్చల మీద తెల్లటి పొలుసులు కట్టాయి. గోకితే పొట్టు రాలినట్లు రాలేవి. తర్వాత మోకాళ్ళకు వచ్చాయి. తలలోకి, వీపు మీదికి పాకాయి. పొద్దున్నే చాప దులిపితే పొలుసులు పడేవి. చలికాలంలో చర్మం పగిలి నెత్తురు వచ్చేది.

ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. "గజ్జి" అన్నారు కొందరు. "తామర" అన్నారు కొందరు. "నాగదోషం" అంది ఒక ముసలమ్మ. ఇంకొకామె గొంతు తగ్గించి, "పెద్దరోగమేమో" అంది. పెద్దరోగం అంటే కుష్టు.

ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. తోటికోడలు సీమంతానికి చిన్నక్కను ముందు వరసలో కూర్చోనివ్వలేదు. అత్త ఆమె చేత వంట మాన్పించింది. చిన్నకూతురిని ఆమె పక్కలో పడుకోనివ్వలేదు.

చేలో ఆడవాళ్ళందరూ ఎండకు చీర మీద చొక్కా వేసుకుంటారు. పని కాగానే విప్పేస్తారు. చిన్నక్క మాత్రం విప్పేది కాదు.

పోయిన డబ్బు, పోయిన కాలం

చిన్నక్క ఊరికే కూర్చోలేదు. పుట్టలో పాలు పోసింది. ఎవరో చెప్పిన పసరు పూసింది. దానికి చర్మం బొబ్బలెక్కింది. వంకాయ మానేసింది. గోంగూర మానేసింది. గుడ్డు, చేప మానేసింది. మనిషి నీరసపడింది. మచ్చలు తగ్గలేదు.

పక్క ఊళ్ళో సూదులు వేసే ఆయన దగ్గరికి పోయింది. ఆయన సూది వేశాడు. పేరు లేని మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు. పది రోజుల్లో చర్మం నున్నగా అయింది. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. మాత్రలు అయిపోయిన నెలకే మచ్చలు రెండింతలు లేచాయి. మళ్ళీ సూది, మళ్ళీ పొట్లం. అట్లా రెండు మేకలు అమ్మిన డబ్బు అయిపోయింది.

రాత్రి బడిలో ఒక రోజు

చిన్నక్క రాత్రి బడికి వచ్చేది. వెనక గోడ పక్కన ఒక్కతే కూర్చునేది. ఒత్తులు కష్టమనిపించినా వదలలేదు. ఆరు నెలల్లో బస్సు మీద బోర్డు చదవడం నేర్చుకుంది.

ఒక రోజు ఆశా కార్యకర్త బడికి వచ్చింది. కుష్టు గురించి చెప్పింది.

"కుష్టు మచ్చ మీద స్పర్శ తగ్గుతుంది. గిచ్చినా, వేడి తగిలినా తెలియకపోవచ్చు. కుష్టుకు మంచి మందు ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. పూర్తిగా నయమవుతుంది" అంది.

అందరూ వెళ్ళిపోయారు. చిన్నక్క ఆగింది. మెల్లగా చొక్కా చేయి పైకి మడిచింది.

ఆశా కార్యకర్త దూది తీసుకుంది. "కళ్ళు మూసుకో చిన్నక్కా. తగిలితే చెప్పు" అంది.

"తగిలింది" అంది చిన్నక్క. "ఇప్పుడు ఇక్కడ... ఇప్పుడు ఇక్కడ" అని ప్రతిసారీ చెప్పింది.

"ఇది కుష్టు లాగా లేదక్కా. కానీ తేల్చేది నేను కాదు, డాక్టరు. రేపే కనిగిరి ఆసుపత్రికి పోదాం పా."

కనిగిరి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు చూసి, ఒంగోలు సర్వజన ఆసుపత్రికి చీటీ రాసి ఇచ్చారు. అక్కడ చర్మ వ్యాధుల విభాగం ఉంది. చిన్నక్క, ఆమె భర్త పొదిలి మీదుగా ఒంగోలు బస్సు ఎక్కారు.

డాక్టరమ్మ చేయి

ఒంగోలులో డాక్టరమ్మ చిన్నక్క మోచేయి పట్టుకుని చూసింది. మచ్చ మీద ఉత్త చేతితో తడిమింది. చిన్నక్క చేయి వెనక్కి లాక్కోబోయింది. నాలుగేళ్ళుగా ఆ మచ్చను అట్లా ముట్టుకున్న వాళ్ళు లేరు.

డాక్టరమ్మ మెల్లగా పొలుసు గీకింది. అడుగున సూదిమొనంత నెత్తురు చుక్కలు కనిపించాయి. గోళ్ళు చూసింది. గోళ్ళ మీద సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు ఉన్నాయి. తల చూసింది. వీపు చూసింది.

"అమ్మా, ఇది కుష్టు కాదు. గజ్జి కాదు. తామర కాదు. దీని పేరు సోరియాసిస్. ఇది అంటువ్యాధి కాదు" అంది.

చిన్నక్క ఆ పేరు పలికి చూసింది. "సో-రి-యా-సి-స్. నేనేం పాపం చేస్తే వచ్చిందమ్మా ఇది?"

"పాపం కాదు, శాపం కాదు. వినండి. మన చర్మం ఉల్లిపాయ లాగా పొరలు పొరలుగా ఉంటుంది. అడుగున కొత్త పొర పుడుతుంది. పైన పాత పొర మనకు తెలియకుండానే రాలిపోతుంది. ఇందుకు సుమారు ఒక నెల పడుతుంది. మీ ఒంట్లో మచ్చ ఉన్న చోట ఈ పని నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది. పాత పొర రాలకముందే కొత్త పొర వచ్చి మీద పడుతుంది. అవే ఈ పొలుసులు."

"ఎందుకట్టా జరుగుద్ది?"

"మన ఒంట్లో రోగాలతో పోరాడే కాపలా ఒకటి ఉంటుంది. ఆ కాపలా పొరపాటు పడింది. కాపలా కుక్క దొంగను వదిలి ఇంటివాళ్ళనే కరిచినట్లు, అది మీ చర్మం మీదికే వచ్చింది. ఇందులో పురుగు లేదు, క్రిమి లేదు. క్రిమి లేనప్పుడు ఇంకొకరికి ఎట్లా అంటుకుంటుంది?"

చిన్నక్క భర్త అడిగాడు. "మా వైపు నీళ్ళు మంచివి కాదు డాక్టరమ్మా. ఫ్లోరైడు నీళ్ళు. వాటి వల్ల వచ్చిందా?"

"ఫ్లోరైడు ఎక్కువయితే పళ్ళు గారపడతాయి. ఎముకలు, కీళ్ళు దెబ్బతింటాయి. ఆ జబ్బు వేరు, ఈ జబ్బు వేరు. అయితే ఒక మాట గుర్తు పెట్టుకోండి. సోరియాసిస్ ఉన్నవాళ్ళలో కొందరికి కీళ్ళు కూడా వాస్తాయి. పొద్దున లేవగానే వేళ్ళు, మోకాళ్ళు బిగుసుకుంటాయి. అప్పుడు 'మా నీళ్ళ వల్లే లే' అని ఊరుకోవద్దు. వచ్చి చూపించండి. ఆలస్యం చేస్తే కీలు వంకరపోతుంది."

"పిల్లలకు వస్తుందా?" చిన్నక్క గొంతు వణికింది.

"ఇంట్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. అందరికీ రావాలని లేదు. పక్కలో పడుకుంటే మాత్రం రాదు. అన్నం కలిపి పెడితే రాదు. మీ బిడ్డను మీరు పక్కలో వేసుకోండి."

పూర్తిగా పోతుందా?

డాక్టరమ్మ ఉన్న మాట చెప్పింది. సోరియాసిస్‌ను మళ్ళీ రాకుండా పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. కానీ బాగా తగ్గించవచ్చు. అదుపులో పెట్టవచ్చు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు మందులతో బతకడం లేదా? ఇదీ అంతే. "పూర్తిగా పోగొడతాను" అని డబ్బు అడిగే వాళ్ళను నమ్మవద్దు.

సోరియాసిస్‌కు వైద్యం మెట్లు మెట్లుగా ఉంటుంది.

మొదటి మెట్టు, చర్మాన్ని ఎండనివ్వకపోవడం. గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయాలి. మరీ వేడినీళ్ళు వద్దు. రాయితో, పీచుతో రుద్దవద్దు. ఒళ్ళు తుడుచుకుని, తడి ఆరకముందే కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాయాలి. రోజూ రాయాలి. ఖర్చు తక్కువ. దురద, పగుళ్ళు తగ్గుతాయి.

రెండో మెట్టు, పూత మందులు. పొలుసులు మెత్తబడి ఊడిపోయే మందులు ఉన్నాయి. తారు కలిసిన మందులు ఉన్నాయి. ఎరుపును తగ్గించే స్టెరాయిడ్ మందులు ఉన్నాయి. స్టెరాయిడ్ పూత మంచి మందే. కానీ డాక్టరు చెప్పిన చోటనే, చెప్పినన్ని రోజులే రాయాలి. ఇష్టం వచ్చినట్లు రాస్తే చర్మం పల్చబడి చీలుతుంది.

మూడో మెట్టు, కాంతి వైద్యం. ఒక పెట్టెలాంటి యంత్రంలో నిలబెట్టి, చర్మం మీద ప్రత్యేకమైన కిరణాలు పడేట్లు చేస్తారు. వారానికి రెండు మూడుసార్లు, కొన్ని నెలల పాటు రావాలి.

నాలుగో మెట్టు, లోపలికి వేసుకునే మాత్రలు. జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఇస్తారు. ఇవి కాక కొత్త రకం సూదులు కూడా వచ్చాయి. అవి బాగా పనిచేస్తాయి గానీ ఖరీదు ఎక్కువ.

"మరి నాకు ముందు వేసిన సూదులో?" అడిగింది చిన్నక్క.

"పేరు లేని మందు కాబట్టి గట్టిగా చెప్పలేను. వెంటనే తగ్గి, ఆపగానే రెండింతలైంది అంటున్నారు. స్టెరాయిడ్ సూదులు, మాత్రలు అట్లాగే చేస్తాయి. సోరియాసిస్‌లో వాటిని ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళంతా ఎర్రబడి ప్రాణం మీదికి రావచ్చు. పేరు రాసి ఇవ్వని మందు వేసుకోవద్దు."

చిన్నక్కకు కాంతి వైద్యం కుదరదు. వారానికి మూడుసార్లు కనిగిరి నుంచి ఒంగోలు రావాలంటే కూలి పోతుంది, చార్జీ అవుతుంది. ఆ మాట దాచకుండా చెప్పింది. డాక్టరమ్మ నెత్తురు పరీక్షలు చేయించింది. లివరు, కిడ్నీలు బాగున్నాయని చూసింది. అప్పుడు మాత్రలు రాసింది.

"తెలుగులో రాయండమ్మా"

చీటీ ఇంగ్లీషులో ఉంది. చిన్నక్క దాన్ని తిప్పి చూసింది. కాసేపు ఆగి అడిగింది.

"అమ్మా, తెలుగులో రాసి ఇస్తారా? నాకు చదవడం వచ్చు."

డాక్టరమ్మ నవ్వి, చీటీ వెనక పెద్ద అక్షరాలతో రాసింది.

మెథోట్రెక్సేట్ - సోమవారం మాత్రమే.
ఫోలిక్ యాసిడ్ - శుక్రవారం మాత్రమే.

"చదవండి చూద్దాం."

చిన్నక్క వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "సో-మ-వా-రం మా-త్ర-మే."

"మాత్రమే అంటే?"

"ఆ ఒక్కరోజే."

"అంతే. వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ఇదే మందు విషమవుతుంది. నోరంతా పుండ్లు పడతాయి. నెత్తురు తయారు కావడం ఆగిపోతుంది. ప్రాణం పోవచ్చు. ఒక సోమవారం మరిచిపోతే తర్వాతి వారం రెండింతలు వేసుకోకూడదు. ఆసుపత్రిలో అడగండి."

డాక్టరమ్మ ఇంకా చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్ళు ఈ మందు వేసుకోకూడదు. లోపలి బిడ్డకు ప్రమాదం. పాలిచ్చే తల్లులు వేసుకోకూడదు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు, మగవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. ఈ మందు వాడేవాళ్ళు సారా, కల్లు, బ్రాందీ ముట్టకూడదు. ఒంటినొప్పులకైనా వేరే మాత్ర వేసుకునే ముందు అడగాలి. చెప్పినప్పుడల్లా నెత్తురు పరీక్ష చేయించాలి. జ్వరం, నోటిపూత, ఆయాసం, కళ్ళు పచ్చబడటం, ఆగని విరేచనాలు - వీటిలో ఏది వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

చిన్నక్క తన గుర్తు తాను పెట్టుకుంది. సోమవారం శివుడి రోజు, పెద్ద మాత్ర. శుక్రవారం లక్ష్మీదేవి రోజు, తోడు మాత్ర.

ఇంటికి వచ్చిన రెండో రోజు, మంగళవారం. భర్త మాత్రల అట్ట తీసి ఇచ్చాడు.

"ఇంకొకటి వేసుకో. రోజుకొకటి వేసుకుంటే తొందరగా తగ్గుద్ది గదా! వారానికొక మాత్రకు ఏం తగ్గుద్ది?"

చిన్నక్క చీటీ తెచ్చి దీపం దగ్గర పెట్టింది.

"ఇదో చూడయ్యా. సోమవారం మాత్రమే అని రాసుంది. తొందరపడితే నేనే ఉండను."

భర్తకు చదవడం రాదు. అయినా ఆ అక్షరాల వంక చాలాసేపు చూశాడు. మాత్రల అట్టను గూట్లో పెట్టేశాడు.

ఈ మందు వెనుక మన తెలుగు మనిషి

చిన్నక్క వేసుకునే రెండు మాత్రల వెనుకా ఒక తెలుగువాడి కృషి ఉంది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కష్టంగా ఉండేది. చిన్నప్పుడు ఒకసారి చదువు వదిలి ఇంట్లోంచి పారిపోయారు. తల్లి వెంకమ్మ గారు ఆయనను వెనక్కి రప్పించి, పట్టుబట్టి చదివించారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ దుఃఖం ఆయన మనసులో నిలిచిపోయింది. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళారు.

అక్కడ లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన పరిశోధనలు నడిపించారు. ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసే పద్ధతిని ఆయన బృందం కనిపెట్టింది. స్ప్రూ జబ్బుకు కూడా అది మందు అయింది. అదే బృందం ఫోలిక్ యాసిడ్‌కు ఎదురుగా పనిచేసే మందులనూ తయారుచేసింది. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. ఆ జాతి మందులను మొదట నెత్తురు క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 1951లో అమెరికాలో కీళ్ళవాతానికి ఆ జాతి మందు ఇచ్చినప్పుడు, రోగికి ఉన్న సోరియాసిస్ కూడా తగ్గింది. అట్లా ఇది చర్మానికి కూడా మందు అని తెలిసింది.

సుబ్బారావు గారు దాన్ని చూడలేదు. 1948లోనే చనిపోయారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన పేరుతో తపాలా బిళ్ళ వేసింది.

ఈ జబ్బు మన ఊరికే వచ్చింది కాదు. ప్రపంచంలో కనీసం 10 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో అంచనా వేసింది. ఒకప్పుడు వేరే దేశాల్లోనూ దీన్ని కుష్టు అని పొరబడేవాళ్ళు. 1841లో ఆస్ట్రియా డాక్టరు హెబ్రా, కుష్టు వేరు, సోరియాసిస్ వేరు అని స్పష్టంగా చూపించాడు. ఈ జబ్బు ఉన్నవాళ్ళను చిన్నచూపు చూడకూడదని 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలన్నిటికీ చెప్పింది. ఏటా అక్టోబరు 29న ప్రపంచ సోరియాసిస్ దినం జరుపుతారు.

అత్త కొబ్బరినూనె

మొదటి నెల పెద్ద మార్పు కనపడలేదు. చిన్నక్క మాత్ర ఆపలేదు. రెండో నెలలో పొలుసులు తగ్గాయి. మూడో నెలలో చాప దులిపితే ఏమీ రాలలేదు. మోచేతుల మీద మచ్చల గుర్తు మాత్రమే మిగిలింది.

రెండోసారి ఒంగోలు పోయేటప్పుడు అత్త కూడా వెంట వచ్చింది. డాక్టరమ్మను అడిగింది. "అమ్మా, నిజం చెప్పు. ఒక్క గ్లాసులో నీళ్ళు తాగొచ్చా?"

"తాగొచ్చు పెద్దమ్మా. ఒక్క కంచంలో తినొచ్చు. ఇంకో మాట. ఆమె వీపు మీద ఆమెకు చేయి అందదు. నూనె ఎవరో ఒకరు రాయాలి."

అత్త దారి పొడుగునా మాట్లాడలేదు. ఆ రాత్రి చిన్నక్క స్నానం చేసి వచ్చింది. అత్త కొబ్బరినూనె గిన్నెతో గడపలో కూర్చుని ఉంది.

"ఇట్టా రా. వీపు తిప్పు" అంది.

చిన్నక్క తిరిగి కూర్చుంది. అత్త చేయి మొదట ఆగి ఆగి కదిలింది. తర్వాత బాగానే రాసింది.

సంక్రాంతి చలికి మోచేతుల మీద మళ్ళీ కొంచెం పొలుసులు వచ్చాయి. చిన్నక్క భయపడలేదు. నూనె మానలేదు. డాక్టరమ్మ ఇచ్చిన పూత మందు రాసింది. మచ్చలు ముదరలేదు. చేలో పని కాగానే ఇప్పుడు ఆమె కూడా చొక్కా విప్పుతుంది. ఎవరైనా అడిగితే, "సోరియాసిస్. అంటుకోదులే" అంటుంది.

కిటికీలో ఇప్పుడు గ్లాసు లేదు. కుండ పక్కన అయిదు గ్లాసులు ఉన్నాయి. సొట్ట గ్లాసుతో ఎవరికి దాహమైతే వాళ్ళు తాగుతారు.

గుర్తుంచుకోండి

1. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు. కలిసి తింటే రాదు.
2. మచ్చ ఏదైనా డాక్టరుకు చూపించాలి. మనకు మనం పేరు పెట్టకూడదు.
3. రోజూ నూనె గానీ వాజిలిన్ గానీ రాయాలి. గోకకూడదు, పొలుసులు పీకకూడదు.
4. గొంతునొప్పి, దెబ్బ, దిగులు, తాగుడు, పొగ ఈ జబ్బును పెంచవచ్చు.
5. కీళ్ళు వాస్తే, ఒళ్ళంతా ఎర్రబడితే వెంటనే ఆసుపత్రికి పోవాలి.
6. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకోకూడదు.
7. మందు ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో రాసి ఇమ్మని అడగండి. అడగడం తప్పు కాదు.

చదవండి - జవాబులు రాయండి

1. చిన్నక్క గ్లాసును ఎందుకు విడిగా పెట్టారు?
2. కుష్టు మచ్చకు, సోరియాసిస్ మచ్చకు తేడా ఏమిటి?
3. పేరు లేని సూదులతో చిన్నక్కకు ఏమైంది?
4. చీటీ చదవడం రాకపోతే ఆ మంగళవారం ఏమయ్యేది?

ఖాళీలు పూరించండి

1. సోరియాసిస్ ________ వ్యాధి కాదు.
2. మెథోట్రెక్సేట్ ________ ఒక్కరోజే వేసుకోవాలి.
3. యల్లాప్రగడ సుబ్బారావు గారు ________లో పుట్టారు.

చేయండి

మీ ఇంట్లో ఉన్న మందుల చీటీ రేపు బడికి తీసుకురండి. ఏ మందు ఏ పూట వేసుకోవాలో, ఎన్ని రోజులు వేసుకోవాలో మీ పుస్తకంలో తెలుగులో రాయండి. అర్థం కాని చోట గీత గీయండి. ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు ఆ గీత చూపించి అడగండి.